నాయిన కోసం కొన్న బత్తాయి తొక్క క్యాప్సూల్స్: ముప్పై ఎనిమిది రోజులు వాడాక

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది జ్యూస్ సెంటర్. పదకొండేళ్ళుగా నేనూ మా ఆయనా నడుపుతున్నాం. ఎండాకాలంలో రోజుకు రెండు బస్తాల బత్తాయి తొక్క, పిప్పి కొట్టు వెనక పోగవుతుంది. పొద్దున చెత్త ఆటో రాలేదంటే మధ్యాహ్నానికి ఈగలు ముసురుతాయి, సాయంత్రానికి పులిసిన కంపు. అలాంటి తొక్కతోనే చేసిన క్యాప్సూల్స్ డబ్బాని మార్చి నెలలో 1,850 రూపాయలు పెట్టి కొన్నాను. మా నాయినకు పార్కిన్సన్స్. ఇంట్లో మెదడు జబ్బుతో ఉన్న మనిషిని చూసుకుంటున్నవాళ్ళు ఇలాంటి డబ్బా కొనే ముందు మా ఇంట్లో ఏం జరిగిందో తెలుసుకుంటే మంచిదని వివరంగా రాస్తున్నాను.

నాయినకు నల్గొండ దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. పూత మీద ఉన్నప్పుడు ఊరి పొలిమేర దాకా వాసన వచ్చేది. ఒక ఏడు ఆయన చెట్ల మధ్య నిలబడి, "ఈసారి పూతకు వాసన లేదు బిడ్డా" అన్నాడు. మాకందరికీ ముక్కు నిండా వస్తోంది. వయసు మీద పడింది కదా అనుకుని వదిలేశాం. మూడేళ్ళ తర్వాత కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. బ్యాంకులో సంతకం చిన్నదై చిన్నదై, చివరికి క్లర్కు ఒప్పుకోని స్థితికి వచ్చింది. వాసన తెలియకపోవడం ఈ జబ్బులో వణుకు కంటే ఏళ్ళ ముందే రావచ్చని డాక్టర్ గారు చెప్పిన రోజు నాకు ఆ పూత గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇక డబ్బా కొన్న కొట్టు సంగతి. పేరు రాయను. ఇలాంటి డబ్బాలు ఇప్పుడు సిటీలో చాలా చోట్ల అమ్ముతున్నారు కాబట్టి ఒక్కరి పేరు చెప్పి లాభం లేదు. కొర్రలు, అండు కొర్రలు, గానుగ నూనెలు, తేనె అమ్మే కొట్టు అది. శుభ్రంగా ఉంటుంది, కొర్రలు ఇప్పటికీ అక్కడే కొంటాను, వాటికి వంక పెట్టను. కౌంటర్ దగ్గర ఈ క్యాప్సూల్స్ వరసగా పేర్చి, పైన "పారేసే తొక్కలో మెదడుకు మందు" అని ఫ్లెక్సీ కట్టారు. నేను ఆగి చూస్తుంటే అమ్మే అబ్బాయి ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. అమెరికాలో కాఫీ పిప్పితో పార్కిన్సన్స్, అల్జీమర్స్ జబ్బులకు మందు కనిపెట్టారట. "అదే పద్ధతి మేడం, ఇది మన బత్తాయి, దానిమ్మ తొక్కతో" అన్నాడు.

నాకు ఆశ పుట్టింది. నాయిన పండించిన కాయ, నేను పిండి పారేసే తొక్క, అందులోనే ఆయనకు మందు ఉందంటే ఎవరికి ఆశ పుట్టదు? డబ్బులిచ్చి తెచ్చేశాను.

డబ్బా చూడ్డానికి బాగుంటుంది. గోధుమ రంగు గాజు సీసా, మూత బిగువుగా ఉంది, సీలు సరిగ్గా ఉంది. 60 క్యాప్సూల్స్, అంటే ఒక్కోటి దాదాపు 31 రూపాయలు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, వేడి పాలతో తీసుకోవాలి. బత్తాయి తొక్క సారం 250 మిల్లీగ్రాములు, దానిమ్మ తొక్క సారం 150 మిల్లీగ్రాములు అని రాశారు. మిగతా పదార్థాలు ఏమిటో పేర్లు లేవు, "తగినంత" అని ఒక్క మాటతో సరిపెట్టారు. సారంలో అసలు పనిచేసే పదార్థం ఎంత శాతమో లేదు. తొక్క ఏ ఊరి తోటదో, ఎప్పుడు ఎండబెట్టిందో లేదు. వెనకవైపు, ధర కింద, నా చూపుకి అందనంత చిన్న అక్షరాల్లో "మందుగా వాడేందుకు కాదు" అని ఉంది. అది నేను చదవలేదు. ఇంటర్ చదివే మా అమ్మాయి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివింది, అది కూడా రెండో డబ్బా కొన్నాక.

ఫుడ్ సప్లిమెంట్ల మీద ఆ మాట ఉండి తీరాలని ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. అంటే డబ్బా చేసినవాళ్ళకు అది మందు కాదని తెలుసు. ఫ్లెక్సీ కట్టినవాళ్ళకూ తెలుసు. తెలియనిది కొనే మాకే.

ఒక క్యాప్సూల్ విప్పి చూశాను. తొక్క సంగతి నాకు కొత్త కాదు కాబట్టి పక్కనే నా తొక్క పొడి కూడా పెట్టుకున్నాను. కిలో బత్తాయి తొక్క కడిగి, తెల్ల బట్ట మీద పరిచి, మేడ మీద నాలుగు రోజులు ఎండబెడితే 230 గ్రాములు తూగింది, మిగతాదంతా నీళ్ళే. దాన్ని మిక్సీలో వేసి పట్టాను. నా పొడి లేత పసుపు, వేలితో నలిపితే తొక్కలోని నూనె వాసన గుప్పున వచ్చింది, నాలుక మీద పెడితే చేదు గొంతు దాకా పాకింది. క్యాప్సూల్ పొడి ముదురు గోధుమ రంగు, కాస్త మాడిన బెల్లం వాసన, చేదు చాలా తక్కువ. గ్లాసు నీళ్ళలో కలిపి పది నిమిషాలు వదిలేస్తే అడుగున తెల్లటి పిండి పేరుకుంది. సారం తీసినప్పుడు రంగు, రుచి మారొచ్చు, అందుకని ఇది కల్తీ అనను. కానీ ఆ తెల్ల పిండి ఏమిటో చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళది.

తాను మింగేది తొక్క పొడేనని తెలిసి నాయిన ఒక మాట అన్నాడు. "మంగు రాకుండా మేము మందు కొట్టేది కాయ మీదనే కద బిడ్డా. తొక్క మీదనే కద అది పడేది." మంగు అంటే కాయ తొక్కను పాడుచేసే తెగులు. ముప్పై ఏళ్ళు తోట చేసిన మనిషి మాట అది. తొక్కను గాఢంగా చేసి సారం తీస్తే మంచిదే కాదు, దాని మీద మిగిలిన పురుగుమందు కూడా కలిసి రావచ్చు. అవశేషాల పరీక్ష చేయించారా అని కొట్టులో అడిగాను. వాట్సాప్‌లో పంపిస్తామన్నారు. పంపింది రంగుల కరపత్రం.

మా కొట్టుకు వారానికి రెండుసార్లు వచ్చే ఒక అబ్బాయి ఉన్నాడు. తార్నాక వైపు ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాడు, ఐస్ లేకుండా బత్తాయి జ్యూస్ తాగుతాడు. డబ్బా చూపిస్తే నవ్వలేదు, కసరలేదు. "అక్కా, కాఫీ వార్త అబద్ధం కాదు. కానీ వార్త వేరు, ఈ డబ్బా వేరు" అని కౌంటర్ దగ్గర నిలబడి అరగంట చెప్పాడు.

ఆ పని టెక్సాస్ యూనివర్సిటీ ఎల్ పాసో క్యాంపస్‌లో జరిగింది. జ్యోతిష్ కుమార్ అనే పరిశోధక విద్యార్థి, మహేష్ నారాయణ్ అనే ప్రొఫెసర్, వాళ్ళ బృందం. వాళ్ళ పేపరు 2023 నవంబర్‌లో వచ్చింది. కాఫీ పిప్పిలో కెఫీక్ ఆమ్లం అని ఒకటి ఉంటుంది, అది కెఫీన్ కాదు, వేరే పదార్థం. దాన్ని 200 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉడికించి, కంటికి కనిపించనంత చిన్న కార్బన్ కణాలు తయారు చేశారు. కార్బన్ క్వాంటమ్ డాట్స్ అంటారట. మెదడు కణాలను పాడుచేసే ఫ్రీ రాడికల్స్‌ను అవి అడ్డుకున్నాయి. ఇలాంటి జబ్బుల్లో మెదడులో ముద్దకట్టే ప్రొటీన్ ముక్కలను అలా కట్టకుండా ఆపాయి. ఇదంతా పరీక్ష నాళికల్లో, ల్యాబులో పెంచిన కణాల్లో, అలాంటి నమూనాల్లో. మనుషులకు ఇచ్చి చూసింది కాదు. "అంతదూరం రావడమే పెద్ద విషయం అక్కా. కానీ మాత్ర అయ్యేలోపు జంతువుల మీద, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద, ఆ తర్వాత రోగుల మీద చూడాలి. ఒక్కో మెట్టుకూ ఏళ్ళు పడతాయి" అన్నాడు.

అతను మామూలుగా చెప్పుకుపోయిన ఒక్క మాట దగ్గర నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ నమూనాల్లో పార్కిన్సన్స్‌ను పుట్టించడానికి వాళ్ళు వాడింది పారాక్వాట్.

పారాక్వాట్ అంటే గడ్డిమందు. మా తోటలో చెట్ల పాదుల మధ్య గడ్డి మీద నాయిన ఏటా కొట్టిన మందు అదే. వీపుకు ట్యాంకు, ముక్కుకు తువ్వాలు, చేతులకు ఏమీ లేదు. కారే ట్యాంకుతోనే రోజంతా కొట్టి, చొక్కా వీపు తడిసి ఇంటికి వచ్చేవాడు. ఆ చొక్కాను ఉతికింది మా అమ్మ. అమెరికాలో రైతుల మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో పారాక్వాట్ వాడినవాళ్ళకు పార్కిన్సన్స్ వచ్చే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు కనిపించిందని ఆ అబ్బాయి చెప్పాడు. నాయిన జబ్బుకు అదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు, అదీ చెప్పాడు. అయినా ఆ రోజు జ్యూస్ పిండుతుంటే చేతులు ఆడలేదు. నాయినకు ఇప్పటికీ ఈ సంగతి చెప్పలేదు.

బత్తాయి తొక్కలోనూ సరుకు ఉంది. ఆ అబ్బాయి నా దగ్గరి కత్తి తీసుకుని తొక్కను అడ్డంగా కోసి చూపించాడు. పైన రంగు పొర, అందులో నూనె తిత్తులు. లోపల మెత్తటి తెల్ల పొర, మేము జ్యూస్ చేదెక్కకుండా గీకి పారేసేది. హెస్పరిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండేది ఆ తెల్ల పొరలోనే. మింగితే అది అలాగే రక్తంలోకి పోదు, పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టాలి. దానిమ్మ తొక్కదీ అదే కథ. దానిలోని పదార్థాల నుంచి పేగుల్లో యురోలిథిన్ ఎ అనే పదార్థం తయారవుతుంది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా పాడైతే వాటిని ఊడ్చేయడానికి అది సాయపడుతుందని, దానితో ప్రయోగశాల పురుగుల ఆయుష్షు పెరిగిందని 2016లో స్విట్జర్లాండ్‌లో చూశారు. కానీ అది అందరి పేగుల్లో తయారు కాదు. ఒకే డబ్బా మింగిన ఇద్దరిలో ఒకరి ఒంట్లో తయారై, ఇంకొకరి ఒంట్లో అసలు కాకపోవచ్చు. తయారైంది కూడా రక్తంలోంచి మెదడులోకి వెళ్ళే గట్టి గోడను దాటాలి.

మొక్క నుంచి మెదడుకు మందు రాదని కాదు. నాయిన మింగే మాత్రే దానికి సాక్ష్యం. అందులోని లెవోడోపాను మొదట 1913లో చిక్కుడు జాతి గింజల్లోంచే వేరుచేశారు. మన దూలగొండి గింజల్లోనూ అది బాగా ఉంటుంది. అల్జీమర్స్‌కు ఇచ్చే గాలంటమిన్ ఒక పూలమొక్క దుంప నుంచి వచ్చింది. అయితే గింజలో ఉన్నది మాత్రలోకి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకోసారి, మెదడు చేరకముందే ఖర్చైపోకుండా పక్కన కార్బిడోపా ఎంత కలపాలి, అన్నీ తేల్చుకున్నాకే రోగి చేతికొచ్చింది. నా సీసా మీద ఆ లెక్క ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం.

మొదటి డబ్బా అయిపోయిన వారంలోనే క్యాప్సూల్స్ కొన్న కొట్టు నుంచి ఫోన్ వచ్చింది. నేను మా జ్యూస్ సెంటర్‌లో ఉన్నాను, ఇంట్లో నాయిన ఎత్తాడు. "ఒంటికి పట్టింది తాతా, ఇక ఇంగ్లీషు మందు కొద్దిగా కొద్దిగా తగ్గించుకోవచ్చు" అని చెప్పారట. నాయిన రోజుకు నాలుగు మాత్రలు వేసుకుంటాడు, ఆరున్నరకు, పదకొండుకు, మూడున్నరకు, రాత్రి ఎనిమిదికి. కూతురికి ఖర్చు తగ్గుతుందని ఆయన లెక్క. మూడున్నర మాత్రను మింగినట్టు చేసి చొక్కా జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు.

ముప్పై ఎనిమిదో రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి బాత్రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి తలుపు చట్రం మీద, కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. లుంగీ తడిసింది. "కాలు లేస్తలేదు బిడ్డా" అన్నాడు, గొంతు కూడా సరిగ్గా పెగల్లేదు. గుమ్మాల దగ్గర ఇలా ఆగిపోవడం ఈ జబ్బులో ఉంటుంది, మాకు నేర్పిన ఉపాయం ఉంది. నా పాదం ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టి, "నా కాలు దాటు నాయినా, ఒకటి, రెండు" అన్నాను. మూడోసారికి దాటాడు. చొక్కా మారుస్తుంటే జేబులోంచి నాలుగు మాత్రలు రాలాయి.

మర్నాడే న్యూరాలజీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాం, సీసా కూడా పట్టుకెళ్ళాను. ఆయన మొదట చూసింది సీసాను కాదు, "పాలతో" అన్న మాటను. లెవోడోపా పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి వెళ్ళే దారిలోనే ప్రొటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు కూడా వెళ్తాయట. రెండూ ఒకేసారి వస్తే మాత్ర వెనకబడుతుంది. అందుకే మాత్ర తిండికి అరగంట ముందు. మేమేమో ఆరున్నర మాత్ర, క్యాప్సూల్ ఒకేసారి పెద్ద గ్లాసు పాలతో ఇస్తున్నాం. అంటే నెల రోజులుగా పొద్దుటి మాత్ర బలం మేమే తగ్గిస్తున్నాం. పొద్దున పూట నాయిన నడక బరువెక్కడానికి కారణం వెతుక్కుంటున్న నాకు అది అక్కడ దొరికింది. ఇక మాత్ర మానడం గురించి డాక్టర్ గారు చాలా గట్టిగా చెప్పారు. లెవోడోపా ఒక్కసారిగా ఆపితే ఒళ్ళంతా బిగుసుకుపోయి, జ్వరం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించాలన్నా పెంచాలన్నా ఆ నిర్ణయం డాక్టర్‌దే.

న్యాయంగా చెప్పాలంటే క్యాప్సూల్ వల్ల నాయినకు కడుపునొప్పి రాలేదు, దద్దుర్లు రాలేదు. మలబద్ధకం కొంచెం తగ్గినట్టు ఆయనే చెప్పాడు, ఈ జబ్బులో అది చిన్న విషయం కాదు. వణుకులో, నడకలో, నిద్రలో మార్పు ఏమీ లేదు. నేను డైరీలో రోజూ రాశాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. మాకు దెబ్బ తగిలింది పొడి వల్ల కాదు, దానితోపాటు ఇచ్చిన సలహా వల్ల.

సీసాలో మిగిలిన 44 క్యాప్సూల్స్‌తో కొట్టుకు వెళ్ళాను. ఓనర్ మర్యాదగానే మాట్లాడాడు, డబ్బులు వెనక్కి ఇవ్వరట, బదులుగా తేనె తీసుకోమన్నాడు. వద్దన్నాను. ఫోన్ చేసే పిల్లలు మందు తగ్గించమని ఇంకెవరికీ చెప్పకూడదని, ఫ్లెక్సీ తీసేయాలని అడిగాను. మెదడు జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడానికి వీల్లేదని 1954 నాటి చట్టమే ఉందని కూడా చెప్పాను. ఫ్లెక్సీ ఆ వారంలోనే తీసేశారు. ఫోన్ల సంగతి చూస్తామన్నారు.

అయిదుకు ఒకటిన్నర ఇస్తున్నాను. ఒకటి సీసా శుభ్రతకు, అర ఫ్లెక్సీ తీసినందుకు. సారంలో ఏముందో శాతంతో సహా రాసి, పురుగుమందుల పరీక్ష కాగితం చూపించి, "మీ డాక్టర్ మందు ఆపవద్దు" అని ముందువైపు పెద్ద అక్షరాలతో వేస్తే మళ్ళీ చూసి మార్కులు మారుస్తాను. ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఒక పని చేయండి, ఆ సీసా పట్టుకెళ్ళి మీ న్యూరాలజిస్టుకు చూపించండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళయితే ఇంకా ముందు చూపించండి.

తొక్క మీద నాకు ఆశ పోలేదు. బోయిన్‌పల్లి మార్కెట్లో కుళ్ళిన కూరగాయలతో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు, దానికి వాడిన పద్ధతి మన తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ వాళ్ళదే. కుళ్ళినదానితో దీపం వెలిగించగలిగినవాళ్ళున్న ఊళ్ళో, తాజా తొక్కను పనికొచ్చేలా చేయడం కుదరదంటే నేను నమ్మను. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం వెళ్ళిపోయాక మాకు సరుకు తెచ్చుకోవడం దూరమైంది కానీ, తొక్క మాత్రం ఊళ్ళో ప్రతి సందులోనూ అంతే పడుతోంది.

ఆ పీహెచ్‌డీ అబ్బాయి వాళ్ళ పనికి బత్తాయి తొక్క కావాలని అడిగాడు. పిండిన గంటలోపు కడిగి, తెల్ల పొర పోకుండా, తడి ఆరాక కవర్లో కట్టమన్నాడు. మొన్న శనివారం మూడు కిలోలు ఇచ్చాను. కవరు మీద తేదీ, కాయ ఏ ఊరి తోటదో, ఆఖరి మందు ఎప్పుడు కొట్టారో రాయమంటే, తోట రైతుకు ఫోన్ చేసి కనుక్కుని రాశాను. నాయిన పక్కనే కూర్చుని, వణుకుతున్న చేత్తోనే కవరు మూతి పట్టుకున్నాడు.